సుద్దముక్కతో రాసిన ఊరు

మా లోవమ్మ వదిన కండక్టరు సంచీలో టికెట్ల మిషనుతో పాటు ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. మా బస్సు ముందు బోర్డు మీద 'అమలాపురం – మామిడికుదురు' అని పెయింటుతో రాసుంటుంది. మా ఊరు కేతవారిలంక, మామిడికుదురుకి అవతల ఇంకో నాలుగు కిలోమీటర్లు, కాలవగట్టు వెంట వెళ్ళాలి. బస్సు మా ఊరిదాకా వస్తుంది, రాత్రికి మా ఊళ్ళోనే ఆగుతుంది, కానీ బోర్డు మీద మా ఊరి పేరుండదు. అందుకని వదిన రోజూ పొద్దున్న బంపరు మీద ఒక కాలు పెట్టి పైకి లేచి, బోర్డు కింద మిగిలిన జానెడు జాగాలో 'కేతవారిలంక' అని సుద్దతో రాసేది. వాన పడితే చెరిగిపోయేది. మళ్ళీ రాసేది. అలా పద్దెనిమిదేళ్ళు రాసింది.

నా పేరు బుల్లిరాజు. అమలాపురంలో కళ్ళజోళ్ళ కొట్లో పని. ఆ బస్సులో ఎడమవైపు నాలుగో కిటికీ పదకొండేళ్ళుగా నాది. దాని అద్దం సగంలో ఇరుక్కుపోయి పైకీ రాదు, కిందకీ పోదు. అయినా నాదే. ఎవరైనా కొత్తవాళ్ళు అందులో కూర్చుంటే నాకు ఆ పూట అన్నం సయించదు. లోవమ్మ నాకు సొంత వదిన కాదు, ఊరి వరస. తిట్టడంలో మాత్రం సొంతవాళ్ళకంటే ఎక్కువ. ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాద్దామని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను, ఇప్పటికి కుదిరింది.

ఆవిడ పుట్టింది జొన్నాడలో, హైవే పక్కనే. వాళ్ళ నాన్న చెరుకురసం బండి పెట్టుకుని సంసారం ఈదాడు. రాజమండ్రి బస్సేదో, రావులపాలెం బస్సేదో చిన్నప్పుడు హారను విని చెప్పేసేదాన్నని ఇప్పటికీ కోతలు కోస్తుంది. అలాంటి పిల్లని తీసుకొచ్చి మా ఊరి వరప్రసాదం అన్నయ్యకిచ్చారు. అత్తారింటికొచ్చిన రోజున మామిడికుదురులో బస్సు దిగి, పట్టుచీర మోకాళ్ళదాకా ఎత్తిపట్టుకుని, నాలుగు కిలోమీటర్లూ బురదలో నడిచింది. "బస్సు లేని ఊరికా నన్నిచ్చేరు?" అని మూడు నెలలు వాళ్ళ నాన్నతో మాట్లాడలేదట.

అన్నయ్య దోహా వెళ్ళి అక్కడ క్రేను నడిపేవాడు. ఈవిడ ఇక్కడ ఊరికే కూర్చోలేక, పదో తరగతి సర్టిఫికెట్టు పట్టుకెళ్ళి కండక్టరు ఉద్యోగం తెచ్చుకుంది. ఉద్యోగమైతే వచ్చింది గానీ పొద్దున్నే డ్యూటీకి వెళ్ళాలంటే ఆ నాలుగు కిలోమీటర్లూ మళ్ళీ నడకే. డిపో మేనేజరు మారినప్పుడల్లా వెళ్ళి, మా ఊరికి బస్సు వెయ్యండని అడిగేది. వాళ్ళందరూ 'చూద్దామమ్మా' అనేవారు. చివరికి ఒకాయన దగ్గర ఈవిడ తెలివిగా దారి మార్చింది.

"మా ఊరికి బస్సు వెయ్యొద్దులెండి సార్. మామిడికుదురులో రాత్రి ఆగే బస్సు ఎలాగూ ఎక్కడో ఒకచోట ఆగాలి కదండీ. ఆ సెంటర్లో దోమల మధ్య ఆగేబదులు మా ఊళ్ళో ఆపించండి. డ్రైవరుకి వేడన్నం నేను పెడతాను," అంది.

అలా వచ్చింది మా బస్సు. కాగితాల మీద అది మా ఊరికి నిద్రపోవడానికే వస్తుంది. తెల్లారి ఎలాగూ వెనక్కి వెళ్ళాలి కాబట్టి మేమెక్కుతాం. సాయంత్రం ఎలాగూ రావాలి కాబట్టి మేమొస్తాం. లోవమ్మ వదిన చేపల పులుసు సంగతి డిపోలో పాకిపోయి, ఆ డ్యూటీ కోసం డ్రైవర్లు పోట్లాడుకునేవారు. ఇప్పుడు అయ్యప్ప అనే అతను నడుపుతున్నాడు. వచ్చిన రెండేళ్ళలో పది కిలోలు పెరిగాడు.

ఇలా హాయిగా సాగిపోతున్న రోజుల్లో, రాష్ట్రమంతటికీ కలిపి ఒకే రవాణా సంస్థ పెడుతున్నారని కబురొచ్చింది. పల్లెల బస్సులు, పట్నాల్లో తిరిగే కరెంటు బస్సులు, గోదావరి రేవుల్లో జనాన్ని దాటించే పంట్లు, అన్నీ దాని చేతికే పోతాయట. ఒక్క కార్డు జేబులో వేసుకుంటే శ్రీకాకుళంలో బస్సెక్కినవాడు మా రేవులో పంటు దిగొచ్చట. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. పేచీ ఎక్కడంటే, కొత్త సంస్థ పాత కాగితాలు నమ్మదట. ప్రతి రూటుకీ ఒక ఆఫీసరు స్వయంగా వచ్చి, బస్సెక్కి, తలలు లెక్కపెట్టుకుంటాడు. ముప్ఫై తలలు లేకపోతే ఆ రూటు కొత్త జాబితాలోకి ఎక్కదు. మా విషయంలో ఆయన చూడాల్సింది ఆ చివరి నాలుగు కిలోమీటర్లే. అక్కడ ముప్ఫైమంది కనపడకపోతే బస్సు మామిడికుదురులో ఆగిపోతుంది.

మాకు నవ్వొచ్చింది. మా బస్సులో ఏరోజూ అరవైమందికి తక్కువుండరు. ఆడవాళ్ళకి టికెట్టు తీసేశాక మెట్ల మీద కూడా కాలు పెట్టే సందు లేదు. ముప్ఫై ఏం లెక్క అనుకున్నాం.

వదినకి మాత్రం గుబులే. ఇంకో రెండేళ్ళలో ఆవిడ రిటైరవుతుంది. "నేను ఆఖరిసారి దిగేరోజున ఈ బస్సు మనూళ్ళో ఆగాలి బుల్లిరాజూ. నేను తెచ్చుకున్న బస్సుని నా కళ్ళముందే లాక్కుపోతే నేను తట్టుకోలేను," అంది. అని ఊరుకోలేదు, ఇంటింటికీ తిరిగింది. "మంగళవారం పొద్దున్న ఆఫీసరుగారొస్తన్నారండీ. మన బస్సు ఉండాలా ఊడాలా అన్నది ఆయన చేతిలోనే ఉందండీ," అని అందరికీ చెప్పింది. సోమవారం మధ్యాహ్నం బస్సుని శుభ్రంగా కడగాలని డిపోకి రమ్మన్నారు. వదిన బస్సుతో పాటే వెళ్ళి, ఆ రాత్రికి అమలాపురంలో కూతురు రేవతి ఇంట్లో ఉండిపోయింది. మా ఖర్మ కాలింది అక్కడే.

ఆ సాయంత్రం బుల్లబ్బాయిగారి కొబ్బరికాయల రాశుల దగ్గర ఊరంతా పోగయ్యాం. బుల్లబ్బాయిగారు కొబ్బరి వర్తకులు, ఊరికి పెద్ద. ఆయన ఇంటికి కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాడు కూడా ఫలహారం చెయ్యకుండా బయటపడలేడు.

"అంత ఆఫీసరు మనూరొస్తంటే, ఆ గుంపులో నిలబెట్టి తీసుకెళ్తామేంటండీ? మన పరువేం కావాలి?" అన్నారాయన.

"ఆయ్, తప్పేనండీ," అన్నారందరూ.

"ఒక సీటు ఆపుదామండీ," అన్నాను నేను.

"సీటు ఆపితే సరిపోద్దా? పక్కన చేపల తట్ట ఉంటే ఆ వాసనకి ఆయనేం కూర్చుంటాడు?"

చేపలమ్మే కాంతమ్మ వెంటనే లేచి నిలబడింది. "నా తట్ట వల్ల ఊరికి మాట రాకూడదండీ. రేపు నేను ఆటోలో పోతాను."

ఇక చూసుకోండి. మా వైపు ఒకళ్ళు ఒకటి వదులుకున్నారంటే పక్కవాళ్ళు ఊరుకోలేరు. పాల క్యాన్లవాళ్ళు మేమూ ఆటోలోనే అన్నారు. రొయ్యల చెరువుల్లో పనికెళ్ళేవాళ్ళు నడిచి పోతామన్నారు. కాలేజీ పిల్లలు గోల చేస్తారు కాబట్టి వాళ్ళని ఎక్కనివ్వకూడదన్నారు. దోహా నుంచి తిరిగొచ్చి ఆటో కొనుక్కున్న వరప్రసాదం అన్నయ్య, మరో నాలుగు ఆటోలు మాట్లాడి అందర్నీ ఉచితంగా దింపుతానన్నాడు. భార్య ఉద్యోగానికి అది తన వంతు సాయమట. ఆ ఊపులో నేను కూడా లేచి, "నా కిటికీ ఆయనకిచ్చేస్తున్నాను," అన్నాను. చప్పట్లు కొట్టారు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా అమ్మాయి మాధురి డిగ్రీ రెండో సంవత్సరం. రోజూ ఆ బస్సులోనే కాలేజీకి వెళ్తుంది. అది వెనకనుంచి, "నాన్నా, ఆయనొచ్చేది మనుషుల్ని లెక్కపెట్టడానికే కదా?" అంది.

"ఆయనకి ముందు గాలాడితే కదమ్మా లెక్కపెట్టేది," అన్నారు బుల్లబ్బాయిగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆఫీసరుగారికి తోడుగా ఆరుగురం మాత్రం ఎక్కాలని తేల్చాం. అందరం పెద్దమనుషులం, అందరివీ ఇస్త్రీ బట్టలు.

మంగళవారం ఏడున్నరకల్లా ఆఫీసరుగారు జీపులో దిగారు. పేరు చెన్నకేశవులు, అనంతపురం వైపు మనిషి. సన్నగా ఉన్నారు, అట్టకి తగిలించిన కాగితాలు చంకలో పెట్టుకున్నారు. బుల్లబ్బాయిగారి భార్య చిన్నతల్లిగారు కొబ్బరిబొండం కొట్టించి ఇవ్వబోతే, "డ్యూటీలో ఉంటే మంచినీళ్ళు కూడా ముట్టనమ్మా," అన్నారు. ఆవిడ మొహం చిన్నబోయింది. కానీ ఆవిడంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. ఆయన అటు తిరిగినప్పుడు బొండాలూ, అరటిగెలలూ, పూతరేకుల పెట్టెలూ, ఊళ్ళో ఎవరు తెచ్చినవి వాళ్ళ పేరు చెప్పి జీపులో పెట్టించేసింది.

ఎనిమిదింటికి బస్సు తళతళలాడుతూ వచ్చింది. బోర్డు కింద సుద్దతో రాసిన మా ఊరి పేరు కూడా ఆరోజు కొంచెం పెద్దదిగానే ఉంది. వదిన దిగి చుట్టూ చూసింది.

"జనమేరండీ?" అంది.

బుల్లబ్బాయిగారు కన్ను గీటారు. "అంతా మేం చూసుకున్నాం అమ్మాయ్. నువ్వేం కంగారుపడకు."

వదిన ఏదో అడగబోయింది గానీ ఆఫీసరుగారు అప్పటికే ఎక్కి కూర్చున్నారు, నా కిటికీ దగ్గర. బస్సు కదిలింది. యాభై సీట్లలో మేమారుగురం, ఆయన, మధ్యలో వదిన. అంత ఖాళీ బస్సుని నేనెప్పుడూ చూడలేదు. గుంటల్లో పడినప్పుడల్లా సీట్లన్నీ గలగలమన్నాయి.

రేవుదారి దగ్గర మొదటి స్టాపు. రోజూ ఇరవైమంది మీద పడి ఎక్కే చోటు. ఆరోజు కూడా ఇరవైమందీ ఉన్నారు, వరసగా, చేతులు జోడించి, తలలు వంచుకుని. బస్సాగింది. ఒక్కళ్ళూ కదల్లేదు.

"ఎక్కండి!" అంది వదిన.

"పర్లేదమ్మా, ఆయన్ని ప్రశాంతంగా వెళ్ళనియ్యి. మేం వెనకాలొస్తాం," అన్నారు వాళ్ళు.

ఆఫీసరుగారు కాగితం మీద సున్నా వేసుకోవడం నేను చూశాను. అప్పుడు తట్టింది నాకు, మాధురి అన్న మాట. రొయ్యల చెరువుల మలుపు దగ్గర వదిన గొంతు మారిపోయింది. "మీకు దణ్ణం పెడతాను, ఎక్కండే!" అని ఫుట్‌బోర్డు మీదనుంచి కాంతమ్మ చెయ్యి పట్టుకుని లాగింది. కాంతమ్మ తట్ట వెనక్కి లాక్కుని, "వద్దమ్మా వద్దు, ఆయనకి వాసనొస్తది," అంది. ఇంకో సున్నా. స్కూలు దగ్గర స్టాపులో అయితే మా మాధురీ, దాని స్నేహితురాళ్ళూ ఆటోలో కూర్చుని మాకేసి చూస్తూ దాటిపోయారు.

మామిడికుదురు సెంటర్లో ఆఫీసరుగారు మొత్తం వేసి, కింద గీత గీశారు. "ఆరుగురు," అన్నారు.

వదిన ఆయన ముందుకెళ్ళి నిలబడింది. "సార్, రోజూ అరవైమందికి తక్కువుండరండీ. మీరు సుఖంగా కూర్చోవాలని అందరూ మానేసేరండీ. దారిలో చూసేరు కదండీ, చేతులు జోడించుకుని నిలబడ్డారు."

"చూసినా తల్లీ. ఎక్కనోళ్ళను బస్సులో ఉన్నట్టు ఎట్ల రాసేది? నా కండ్లకు బస్సులో కనపడినోళ్ళనే రాస్తా. రేపు పొద్దున రిపోర్టు పంపాల." ఆయన గొంతులో కోపం లేదు. అందుకే మాకు ఇంకా భయమేసింది.

వదిన మా వైపు తిరిగింది. పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ తిట్లు తింటున్నాను గానీ అలాంటివి ఎప్పుడూ తినలేదు. "మర్యాద చేసేరా? బస్సుకి పాడె కట్టేరు! మీ ఇస్త్రీ బట్టలు తగలెయ్య! నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పింది దేనికి?" అంది. బుల్లబ్బాయిగారు, "అదేంటమ్మా, మనిషి సుఖంగా వచ్చేడు కదా," అని నసిగారు. వదిన మొహం తిప్పేసుకుంది. కళ్ళు తుడుచుకుని వెళ్ళి డబుల్ బెల్ కొట్టింది. ఆ తిట్లే నయమనిపించింది నాకు.

ఈలోగా కాగితాలు పెట్టడానికి కిందకి దిగి, వెనకాల వచ్చిన జీపులోకి తొంగిచూసిన చెన్నకేశవులుగారు అదిరిపడ్డారు. సీట్లలో మనిషి కూర్చునే చోటు లేదు. "ఎవురివి ఇవి? ఎవురిచ్చినారో వాళ్ళకు ఇచ్చేసి రాపో! ఒక్కటి మిగిలినా ఊరుకోను," అని డ్రైవరుని ఊళ్ళోకి పంపేసి, పదిగంటలకి డిపోలో మీటింగుందని మా బస్సులోనే అమలాపురం వచ్చేశారు.

ఆ జీపు మళ్ళీ రాలేదు.

ఏమైందో మాకు తర్వాత తెలిసింది. డ్రైవరు మొదటి ఇంటికెళ్ళి అరటిగెల తిరిగిచ్చాడు. ఇచ్చింది వెనక్కి తెచ్చినవాణ్ణి ఉత్త చేతుల్తో ఎలా పంపుతారు? పనసకాయ ఒకటి జీపులో పెట్టి, పెసరట్టు వేసి పెట్టారు. రెండో ఇంట్లో పూతరేకులు తీసుకుని కొబ్బరుండలిచ్చారు, కాఫీ ఇచ్చారు. మూడో ఇంట్లో సున్నుండలు. అలా పదకొండు ఇళ్ళు తిరిగేసరికి జీపు మొదటికంటే నిండింది, డ్రైవరు అంతకంటే నిండాడు. ఆఖరికి చిన్నతల్లిగారింట్లో భోజనం. మూడింటికి ఆఫీసరుగారు డ్రైవరుకి ఫోను చేస్తే ఆవిడే ఎత్తింది.

"నిద్రపోతున్నాడు బాబూ."

"లేపండమ్మా!"

"అన్నం తిని పడుకున్నవాణ్ణి లేపకూడదు బాబూ. మీరు తిన్నారా?"

ఆయన బట్టల సంచీ జీపులో ఉంది. రిపోర్టు కాగితాలు కూడా జీపులోనే ఉండిపోయాయి. డిపోలో ఆ పూట ఇంకో బండి లేదు. ఐదింటికి వాన పట్టుకుంది. ఐదూ ఇరవైకి మా బస్సు ప్లాట్‌ఫారం మీదికొచ్చేసరికి, నెత్తిన ప్లాస్టిక్ కవరు వేసుకుని, తడిసిన కళ్ళజోడు జేబులో పెట్టుకుని ఒకాయన అయ్యప్పని అడుగుతున్నాడు. "ఈ బస్సు కేతవారిలంక పోతుందా? బోర్డు మీద లేదే!"

వానకి సుద్ద చెరిగిపోయింది. ఆయన మాట వదిన విన్నది. చీర కొంగుతో బోర్డు తుడిచి, సంచీలోంచి సుద్దముక్క తీసి, ఆ వానలోనే మళ్ళీ రాసింది. ఆయన పక్కనే నిలబడి ఆవిడ రాయడం అంతా చూశాడు.

ఆలోపల జనం తోసుకుని ఎక్కేశారు. పొద్దున్న ఆటోల్లో వచ్చినవాళ్ళందరూ సాయంత్రం ఇళ్ళకి వెళ్ళాలి కదా. కాంతమ్మ, పాల క్యాన్లవాళ్ళు, కాలేజీ పిల్లలు, ఆస్పత్రికెళ్ళినవాళ్ళు, సంత చేసుకొచ్చినవాళ్ళు. కిటికీల్లోంచి తువ్వాళ్ళూ, గొడుగులూ సీట్ల మీద పడ్డాయి. నా కిటికీ నాకు దక్కింది. చెన్నకేశవులుగారు ఆఖర్ని ఎక్కారు. లోపలికి రావడం ఆయన వల్ల కాలేదు, వెనకవాళ్ళే తోసుకుంటూ తెచ్చి సరిగ్గా నా పక్కన నిలబెట్టారు.

బస్సులో ఉన్నవాళ్ళలో పొద్దున్న ఆయన్ని దగ్గర్నుంచి చూసింది మేమారుగురమే. మిగతావాళ్ళు తలలు వంచుకుని దణ్ణాలు పెట్టారే గానీ మొహం ఎవరు చూశారు? పైగా తడిసి ముద్దయి ఉన్నారు. నేను గుర్తుపట్టాను. అలవాటు ప్రకారం సీట్లోంచి సగం లేచాను. నా భుజం మీద ఒక చెయ్యి పడింది.

"బుల్లిరాజూ, కదిలేవంటే కాళ్ళిరగ్గొడతాను," అంది వదిన నా చెవిలో.

కూర్చున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని చెయ్యలేదు. ఊరికొచ్చిన మనిషి, పొద్దుటినుంచి పచ్చిమంచినీళ్ళు ముట్టని మనిషి, నా పక్కన నిలబడి ఊగుతుంటే నేను రాజాలా కూర్చోవడం! చెవులు కాలిపోయాయి. రెండు వరసల ముందు బుల్లబ్బాయిగారు వెనక్కి తిరిగి ఆయన్ని చూసి, "అయ్యో అయ్యో" అంటూ లేవబోయారు. వదిన అంత జనంలోనూ ఎలా దూరిందో దూరింది. "మావయ్యగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ ఒక్కపూటకి అమర్యాదగా ఉండండి." ఆయన కూర్చుని కళ్ళు మూసేసుకున్నారు. మళ్ళీ ఊరొచ్చేదాకా తెరవలేదు.

బోడసకుర్రు వంతెన ఎక్కేసరికి కాంతమ్మ ఖాళీ తట్ట తీసి ఆఫీసరుగారి చేతిలో పెట్టింది. "కాస్త పట్టుకో నాయనా, చెయ్యి నొప్పిగా ఉంది." ఆయన పట్టుకున్నారు. రెండో చేత్తో కడ్డీ. జేబులో పెన్ను తీసుకునే దారి లేదు. ఎవరిదో పిల్లాడు ఆయన చొక్కా పట్టుకుని నిద్రపోయాడు.

"మామిడికుదురులో ఖాళీ అవుతుందిలే," అనుకున్నారేమో, సెంటరు రాగానే ఊపిరి పీల్చుకున్నారు. పన్నెండుమంది దిగారు. పదిహేడుమంది ఎక్కారు.

"ఏమమ్మా కండక్టరూ," అన్నారు ఆయన ఇక ఉండలేక, "ఇప్పుడు ఎంతమంది ఉండారు?"

"మీరే లెక్కపెట్టుకోండి సార్. నేను చెబితే మీరు రాయరు కదండీ," అంది వదిన టికెట్టు కొడుతూ.

ఆయన నవ్వారు. పొద్దుటినుంచి అదే మొదటిసారి. తట్ట చంకన పెట్టుకుని, తోసుకుంటూ తలుపు దగ్గరకెళ్ళి నిలబడ్డారు. స్కూలు దగ్గర దిగినవాళ్ళని పైకే లెక్కపెట్టారు. చెరువుల మలుపులో లెక్కపెట్టారు. రేవుదారిలో లెక్కపెట్టారు. ఊళ్ళో ఆఖరివాళ్ళు దిగేసరికి డెబ్బైమూడు. కాంతమ్మ వచ్చి తట్ట అడిగితే, "నిన్ను కలిపితే డెబ్బైనాలుగమ్మా," అని ఇచ్చేశారు. జీపు డ్రైవరు అప్పుడే లేచి కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. వెనకాల జీపు నిండా పనసకాయలు.

చెన్నకేశవులుగారు ఆ పనసకాయలకేసి ఒకసారి చూశారు. లోపల్నుంచి కాగితాలు తీసి, పొద్దున్న గీసిన గీత కొట్టేసి, జీపు మూత మీద పెట్టి నిలబడే రాశారు. రాసింది మా అందరికీ పైకి చదివి వినిపించారు. "పొద్దున ఆరుగురు. సాయంత్రం డెబ్బైనలుగురు. పొద్దున్న ఎక్కకపోవడానికి కారణం నేనే. ఈ ఊరికి ఈ బస్సు ఉండాల. ఒక్కటి చాలదు." సంతకం పెట్టి కలం జేబులో పెట్టుకున్నారు. అప్పుడు వదిన వైపు తిరిగారు.

"డ్యూటీ అయిపోయింది తల్లీ. ఇప్పుడు కాసిన్ని నీళ్ళిస్తావా?"

వదిన ఏడుస్తూ నవ్వుతూ ఇంట్లోకి పరిగెత్తింది. నీళ్ళతో ఆగుతుందా? బుల్లబ్బాయిగారు పొద్దుటినుంచి బిగబట్టుకున్న మర్యాదంతా ఒక్కసారి తెగింది. వదినగారి అరుగు మీద ఆకు వేసి, ఊళ్ళో ఉన్న కూరలన్నీ తెచ్చి వడ్డించారు. నేను విసనకర్ర పట్టుకుని పక్కనే నిలబడ్డాను, సాయంత్రం కూర్చున్నదానికి అదే ప్రాయశ్చిత్తం.

మూడు నెలలకి కొత్త సంస్థ మొదలైంది. ఆరోజు పొద్దున్న డిపోనుంచి రెండు బస్సులొచ్చాయి, మా పాతదీ, ఇంకోటీ. మేమంతా గట్టు మీద నిలబడి చూస్తున్నాం. వదిన తెల్లవారుజామున చీకట్లోనే ఎక్కిన పాత బస్సులోంచి దిగింది. అలవాటు కొద్దీ సంచీలోంచి సుద్దముక్క తీసి, బంపరు మీద కాలు పెట్టి పైకి లేచింది. అలా లేచి ఆగిపోయింది.

బోర్డు కొత్తది. 'అమలాపురం – కేతవారిలంక' అని, పసుపు మీద నల్లటి పెయింటుతో, ఈ చివర్నుంచి ఆ చివరకి రాసుంది. కింద జానెడు జాగా కూడా లేదు.

వదిన మా ఊరి పేరు మీద వేలితో రుద్ది చూసింది. చెరగలేదు. ఇంకాస్త గట్టిగా రుద్దింది. అప్పుడు కిందకి దిగి, బంపరు మీదే కూర్చుని, సుద్దముక్క చేతిలో పెట్టుకుని అందరి ముందూ చిన్నపిల్లలా ఏడ్చేసింది. వరప్రసాదం అన్నయ్య పక్కన కూర్చుని వీపు నిమిరాడు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని లేచింది. ఎదురుగా మేం ఇంకా చేతులు కట్టుకుని వరసగా నిలబడి ఉన్నాం.

"ఏంటలా చూస్తన్నారు? ఎక్కండి!" అని అరిచింది. ఎక్కేశాం.